ఎన్ని రోజుల ఇలాజ్?

రంజాన్ వెళ్ళిన తర్వాతి నెలలో నాకు ఫోన్లు ఎక్కువ వస్తాయి. మా బడే భాయ్ సంగతి మా వైపు అందరికీ తెలిసిందే. తెలిసినవాళ్ళకు తెలిసినవాళ్ళు నంబర్ సంపాదించి చేస్తారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. అమ్మీలు, బీవీలు, ఒక్కోసారి షాదీకి ఎదిగిన బేటీలు. సలాం చెప్పి, ఖైరియత్ అడిగి, గొంతు తగ్గించి ఒకే సవాల్ వేస్తారు: "భాయ్, ఇలాజ్‌కు ఎన్ని రోజులు పడుతుంది? బయట తెలియకుండా అవుతుందా?"

రెండోదానికి జవాబు చిన్నది. మీవాడు తాగుతాడని మొహల్లా మొత్తానికి ఎప్పుడో తెలుసు. మీ ముందు తెలియనట్టు ఉంటున్నారు, అంతే. ఇక మొదటిదానికి జవాబు ఫోన్లో చెప్పేది కాదు, అందుకే రాస్తున్నాను. భాయ్‌ని ఇజాజత్ అడిగాను. "నా పేరు రాయకు, తక్కిందంతా రాసెయ్" అన్నాడు.

భాయ్‌ది మోటార్ వైండింగ్ దుకాణం. ఎండాకాలం బోరు మోటార్లు కాలిపోతే రైతులు తెచ్చి వరసగా పెట్టిపోయేవాళ్ళు. కాలిన తీగ పీకి, కొత్త రాగి తీగ లెక్క తప్పకుండా చుట్టాలి. చేతులు నిలిస్తేనే అయ్యే పని. చివరి నాలుగైదేళ్ళు ఫజర్ వేళకే భాయ్ చేతులు వణికేవి. ఒక క్వార్టర్ కడుపులో పడితే నిలిచేవి. మజా కోసం తాగే రోజులు ఎప్పుడో అయిపోయాయి. చేతులు నిలబెట్టుకోవడానికి తాగుతున్నాడు. ఈ ఫరక్ తెలియక మన పెద్దలు "ఇంత షౌక్ ఏంట్రా నీకు" అని తిడతారు. షౌక్ ఉన్నవాడు దావత్‌లో తాగుతాడు. పొద్దున ఆరింటికి, పళ్ళు కూడా తోమకుండా, ఏడుపు మొహంతో తాగేవాడిది షౌక్ కాదు.

ప్రతి రంజాన్‌కు మాత్రం చాంద్ రాత్‌తో ఆపేసేవాడు. అమ్మీ అదే చూసుకుని ధైర్యంగా ఉండేది. ముప్పై రోజులు ఆపగలిగినవాడు ఇన్షా అల్లా ఎప్పుడో పూర్తిగా ఆపుతాడని. మొదటి సంవత్సరాల్లో రెండు మూడు రోజులు చెమటలు, చికాకు, నిద్ర లేకపోవడంతో గడిచిపోయేది. రోజా వల్ల నీరసం అనుకునేవాళ్ళం. మూడేళ్ళ కిందటి రంజాన్‌లో అలా గడవలేదు. రెండో రోజా నాడు, జొహర్‌కూ అసర్‌కూ మధ్య, దుకాణంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు పడి కొట్టుకున్నాడు. నోట్లో నురగ, నాలుక తెగింది.

ఇంటికి తెచ్చేసరికి పదిమంది, పది మాటలు. ఎక్కువమంది అన్న మాట సాయా. రంజాన్‌లో షైతాన్లను కట్టేస్తారు కదా, మరి ఇదెక్కడిది అని ఒక ఖాలా పాయింట్ కూడా తీసింది, అల్లా ఆమెను చల్లగా చూడాలి. అయినా ఆమిల్ కోసం మోటార్ సైకిల్ వెళ్ళింది. ఈలోగా వీధి చివర ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజ్ సీసా తీశాడు. నేను ఆటో పిలిచి దవాఖానాకు తీసుకెళ్ళాను.

అక్కడ డాక్టరమ్మ అడిగిన మొదటి మాట: "చివరిసారి ఎప్పుడు తాగాడు?" భాభీ నా మొహం చూసింది. అంతమందిలో ఆ మాట చెప్పడం ఆమెకు నరకం. చెప్పింది. చాంద్ కనిపించక ముందు, అంటే దగ్గర దగ్గర నలభై నాలుగు గంటలు. డాక్టరమ్మకు సగం జవాబు అందులోనే దొరికింది.

ఏళ్ళ తరబడి రోజూ తాగేవాడి మెదడు షరాబ్ చేసే మత్తుకు ఎదురుగా తనను తాను రెచ్చగొట్టుకుని ఉంటుంది. షరాబ్ ఒక్కసారి ఆగితే ఆ రెచ్చిపోవడం మాత్రం మిగులుతుంది. ఆరేడు గంటల్లో వణుకు, చెమట, గుండె దడ మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేవాళ్ళకు సాధారణంగా మొదటి రెండు రోజుల్లోపల వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేనివి కనిపిస్తాయి, ఎక్కడున్నదీ ఎవరితో ఉన్నదీ తెలియదు, జ్వరం వస్తుంది, బీపీ ఎగురుతుంది. ఇలాజ్ అందకపోతే ఇందులో ప్రాణం పోవచ్చు. భాయ్‌కి మూడో రాత్రి ఇది వచ్చింది. దుప్పటి మీద రాగి తీగలు పాకుతున్నాయని ఒక్కొక్కటే పీకుతూ తెల్లవార్లూ కూర్చున్నాడు. "పకడ్ రే, పకడ్" అని నన్ను కూడా పట్టుకోమన్నాడు. ఇంట్లో ఉండుంటే ఆ రాత్రి ఆమిల్ చేతిలో మిరపకాయల పొగ పడేది.

అందుకే ఫోన్ చేసేవాళ్ళకు మొదట చెప్పేది ఇదే. రోజూ తాగేవాణ్ణి, పొద్దున వణికేవాణ్ణి, ఖురాన్ మీద ఖసమ్ తీసుకుని చాంద్ రాత్ నుంచి ఉన్నపళాన ఆపమనకండి. నీయత్ మంచిదే. షాబాన్‌లోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, రంజాన్ వచ్చేసరికి ఒళ్ళు కుదురుకుంటుంది. షరాబ్ హరామ్ అన్న హుకుం ఒక్కసారిగా రాలేదని, మెట్టు మెట్టుగా వచ్చిందని మదర్సాలో చిన్నప్పుడే చెప్తారు. తాగడానికి దాన్ని బహానా చేసుకునేవాళ్ళ కోసం ఈ మాట అనడం లేదు. ఇంట్లో మాన్పించాలని తొందరపడేవాళ్ళ కోసం అంటున్నాను.

కల్లు సంగతి కూడా చెప్పాలి. మన తెలంగాణలో కల్లే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. చెట్టు కల్లు వేరు. చాలాచోట్ల కాంపౌండ్‌లో పోసేదాంట్లో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. దాన్ని హఠాత్తుగా ఆపినా ఫిట్స్, మతి తప్పడం ఇలాగే వస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో కాంపౌండ్లు, వైన్ షాపులు మూతపడగానే ఎర్రగడ్డ దవాఖానాకు జనం వరస కట్టింది ఇందుకే. కూలి పనులకు వెళ్ళే ఆడవాళ్ళు కూడా ఒళ్ళు నొప్పులకని ఈ కల్లు తాగుతారు. వాళ్ళ గురించి మన ఇళ్ళల్లో ఎవరూ నోరు విప్పరు. డాక్టర్‌కు షరాబా, కల్లా, గోలీలా అన్నది సచ్ చెప్పాలి. దాచితే ఇలాజ్ తప్పుదారి పడుతుంది.

వార్డులో ఏం చేస్తారని భయపడతారు. షాకులు పెడతారని, కట్టేస్తారని. భాయ్‌కి జరిగింది చాలా సాదా. మొదటి వారం మెదడు రెచ్చిపోకుండా గోలీలు, రోజురోజుకూ తగ్గించుకుంటూ. క్లోర్‌డయాజెపాక్సైడ్ అనో లోరాజెపామ్ అనో చీటీలో ఉంటుంది. జిగర్ పాడైనవాళ్ళకు మందు మారుస్తారు. రోజూ బీ1 విటమిన్ ఇంజెక్షన్. ఇది చిన్న విషయం కాదు. ఏళ్ళ తరబడి తాగి, సరిగా తినని ఒంట్లో బీ1 ఉండదు. అది ఇవ్వకుండా ముందు గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. మన ఆర్‌ఎంపీ చేతిలో ఉన్న సీసా గుర్తొచ్చి నాకు ఆ రోజు చెమట పట్టింది. రక్త పరీక్షలు, బీపీ, తిండి, నిద్ర. ఎనిమిదో రోజుకు భాయ్ లేచి గ్లాసు రెండు చేతులతో కాదు, ఒక చేత్తో పట్టుకుని చాయ్ తాగాడు. అమ్మీ షుక్రానా నమాజ్ చదివి, "ఇక ఇంటికి పోదాం, బాగైపోయాడు" అంది.

అందరూ మోసపోయేది ఇక్కడే. ఒంట్లో నుంచి షరాబ్ దిగడానికి వారం, పది రోజులు చాలు. అసలు ఇలాజ్ ఆ తర్వాత మొదలవుతుంది. ఆ మాట డాక్టరమ్మ చెప్తే అమ్మీ నమ్మలేదు, "దవాఖానా వాళ్ళు అలాగే అంటారు" అంది.

తర్వాతి మూడు వారాలు కౌన్సెలింగ్. ఏ వేళకు తలబ్ పుడుతుంది, ఎవరు కనబడితే పుడుతుంది, జేబులో ఎంత ఉంటే పుడుతుంది, ఒక్కొక్కటి తవ్వి తీశారు. భాయ్‌కి వార్నిష్ వాసనతో పుట్టేదని అప్పుడు తెలిసింది. తలబ్ అలలా లేస్తుంది, దానికి లొంగకపోతే అరగంటలోపు దిగుతుంది, ఆ అరగంట ఏం చేస్తావో ముందే రాసిపెట్టుకో అన్నారు. భాయ్ చీటీ మీద రాసుకున్నాడు: వుజూ, ఖర్జూరాలు, చిన్నూకి ఫోన్. చిన్నూ అంటే నేను.

ఇంటివాళ్ళను కూడా కూర్చోబెట్టారు. ఆ రోజు భాభీ మాట్లాడింది. పదమూడేళ్ళ కాపురంలో ఆమె అంత పొడుగ్గా మాట్లాడటం నేను వినలేదు. మెహర్ నగలు ఎలా పోయాయో, స్కూల్ ఫీజు పైసలు బియ్యం డబ్బాలో దాచితే ఎలా తీశాడో, కొట్టిన రాత్రుల తారీఖులతో సహా చెప్పింది. భాయ్ తలెత్తలేదు. మా అమ్మీ "సబర్ చేసింది నా బహు" అని కళ్ళు తుడుచుకుంది. కౌన్సెలర్ అమ్మాయికి మన మాటలన్నీ తెలియవు గానీ ఒక మాట అడిగింది: "సబర్ అంటే మాట్లాడకపోవడమా అమ్మా?" ఎవరమూ జవాబు ఇవ్వలేదు. నాకు తెలిసి సబర్ పేరుతో మన కోడళ్ళను నోరు మూయించినంత కాలం ఏ మగాడికీ ఇలాజ్ పూర్తి కాదు. ఇంట్లో మారాల్సింది తాగేవాడొక్కడే కాదు.

మందుల గురించి నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఒకటుంది. "తెలియకుండా చాయ్‌లో కలిపే గోలీ ఉందట కదా భాయ్?" బస్సుల్లో అంటించే కాగితాల మీద, "భర్తకు తెలియకుండా మాన్పించే పొడి" అని చూసే ఉంటారు. ఆ పొడుల్లో ఏముంటుందో అల్లాకే తెలియాలి. డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ అనే గోలీ ఉంది. అది వేసుకున్నవాడు తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె అదిరి, బీపీ పడిపోతుంది. మనిషి మంచంపట్టొచ్చు, ప్రాణం మీదికీ రావొచ్చు. తెలిసి, ఒప్పుకుని, తన చేత్తో వేసుకునేవాడికే అది. దాన్ని చాయ్‌లో కలపడం ఇలాజ్ కాదు, జహర్ పెట్టినట్టే. ఆపేశాక కూడా రెండు వారాల దాకా ప్రభావం ఉంటుంది. ఆ గోలీ వాడేవాడు స్పిరిట్ కలిసిన దగ్గు మందులకు, శానిటైజర్‌కు, స్ప్రే సెంట్లకు దూరంగా ఉండాలి. జుమ్మాకు వెళ్ళేటప్పుడు నూనెతో చేసిన అసలు అత్తర్ ఒక చుక్క రాసుకుంటే చాలు.

భాయ్‌కి అది ఇవ్వలేదు. తలబ్ తగ్గించే నాల్‌ట్రెక్సోన్ ఇచ్చారు, రోజుకు ఒకటి. జిగర్ పరీక్ష చేసి మరీ మొదలుపెట్టారు. అకాంప్రోసేట్ అని ఇంకొకటి ఉంది, అది రోజుకు మూడుసార్లు. రోజాలో ఎలా అని అడిగేవాళ్ళకు: మరీజ్‌కు రోజా వాయిదా వేసుకునే రుఖ్సత్ మన దీన్‌లోనే ఉంది. రోజుకు ఒకటి వేసుకునే మందైతే సహెరీకో ఇఫ్తార్ తర్వాతకో మార్చమని డాక్టర్‌నే అడగండి. మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి.

ఇక చోటు సంగతి. భాయ్ వార్డులో ఉండగా మా మామూ ఒక ప్రైవేట్ సెంటర్ చూడమన్నాడు. ఊరి బయట, పేరు రాయను. మూడు నెలల పైసలు ముందే కట్టాలి. మూడు నెలలూ ఫోన్ లేదు, ములాఖాత్ లేదు. గదులకు బయటనుంచి గొళ్ళెం. డాక్టర్ ఎవరని అడిగితే "వారానికోసారి వస్తారు" అన్నారు, పేరు చెప్పలేదు. ఒక కుర్రాడి వీపు మీద వాతలు చూసి మామూనే "ఛలో" అన్నాడు. ఇలాంటిచోట చేర్చి "బుద్ధొస్తుంది" అనుకునే అబ్బాలు ఉన్నారు. తమిళనాడులో ఏర్వాడి దర్గా చుట్టూ ఇలాగే మతి చెడినవాళ్ళను గొలుసులతో కట్టి ఉంచే ఇళ్ళుండేవి. 2001 ఆగస్టు 6న అందులో ఒకదానికి నిప్పంటుకుంటే గొలుసులు తెంచుకోలేక 28 మంది కాలిపోయారు. షిఫా దొరుకుతుందని ఇంటివాళ్ళే తెచ్చి దింపినవాళ్ళు వాళ్ళు.

2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం షరాబ్, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక స్థితిని కూడా బీమారీ కిందే లెక్కిస్తుంది. ఇలాజ్ ఇచ్చే చోటు రిజిస్టర్ అయి ఉండాలి. గొలుసులతో కట్టడం నిషేధం. తనంతట తాను చేరినవాడికి బయటికి వచ్చే హక్కుంది. ఒప్పుకోని మనిషిని చేర్చాలంటే డాక్టర్ల పరీక్ష, అతని తరఫున ఒక నామినీ, మొదటిసారి గరిష్ఠంగా 30 రోజులు, ఇలా కాయిదా ఉంది. చేర్చే ముందు రిజిస్ట్రేషన్ కాగితం, డాక్టర్ పేరు అడగండి. అడిగితే కోపం తెచ్చుకునే చోట మనిషిని వదలకండి. ఎర్రగడ్డ పేరు చెప్తే మనవాళ్ళు నవ్వుతారు, పిచ్చి అని. వైజాగ్‌లోనూ సర్కారీ మానసిక దవాఖానా ఉంది. ఎవరినడగాలో తెలియకపోతే 14416 టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు. నషాకు ప్రత్యేకంగా 14446 ఉంది. రెండూ ముఫ్త్.

గాంజా, గోలీల కుర్రాళ్ళ అమ్మీలు పోలీసుకు భయపడి దవాఖానాకు రారు. నషాకు అలవాటుపడి, చిన్న మోతాదుతో పట్టుబడినవాడు తనంతట తాను ఇలాజ్‌కు ముందుకొస్తే కేసు నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది, 64ఏ. వకీల్‌ను అడగండి. ఇంకొకటి, బ్రౌన్ షుగర్ లాంటివి, నొప్పి ఇంజెక్షన్లు మానినవాడు కొన్ని వారాల తర్వాత మళ్ళీ పాత మోతాదే తీసుకుంటే ఒళ్ళు తట్టుకోలేదు, ఊపిరి ఆగిపోవచ్చు. ఆ బీమారీకి నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఇచ్చే బూప్రినార్ఫిన్ లాంటి మందులుంటాయి. "ఒక నషా తీసి ఇంకో నషా" అని ఇంట్లో ఆపించకండి.

భాయ్ మళ్ళీ తాగాడు. ఏడో నెలలో, చాచా కొడుకు వలీమా రాత్రి. ఎవరూ బలవంతం చేయలేదు. బండ్ల దగ్గర నలుగురు దోస్తులు నిలబడి ఉంటే వెళ్ళాడు, అంతే. ఆరు వారాలు తాగాడు. ఈసారి మొదటిదానికన్నా ఇంట్లో ఎక్కువ కూలింది. ఆశ కట్టుకుని ఉన్నాం కాబట్టి. అమ్మీ మాట్లాడటం మానేసింది. భాభీ పిల్లలతో పుట్టింటికి వెళ్ళింది, ఖులా మాట కూడా వచ్చింది. ఆమె వెళ్ళడం సరైన పనే అని నేనప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. డాక్టరమ్మ మాత్రం బీపీ మళ్ళీ పెరిగిన మరీజ్‌ను చూసినట్టే చూసింది. "ఏడు నెలలు ఎలా ఆపావు?" అని అడిగింది. ఎందుకు తాగావని అడగలేదు. భాయ్ ఆ సవాల్‌కు ఏడ్చాడు. రెండోసారి వార్డులో తనే సంతకం పెట్టి చేరాడు.

మస్జిద్ వల్ల మేలు జరిగింది, మొదట నష్టం కూడా జరిగింది. తాగినవాడి నమాజ్ నలభై రోజులు ఖుబూల్ కాదన్న మాట పట్టుకుని భాయ్ మస్జిద్ గడప తొక్కడమే మానేశాడు. "ఎలాగూ ఖుబూల్ కాదు కదా." మా ఇమామ్ సాబ్ ఇంటికొచ్చి, ఫర్జ్ మీద నుంచి దిగిపోదని, వదిలేస్తే అది ఇంకో గునా అని చెప్పి వెంట తీసుకెళ్ళారు. సఫ్‌లో పక్కన నిలబడ్డవాళ్ళు జరిగి నిలబడ్డారు. ఆ జుమ్మా ఆయన బయాన్‌లో, షరాబ్ తాగి మళ్ళీ మళ్ళీ సజా పడిన ఒక సహాబీని ఎవరో లానత్ చేస్తే ప్రవక్త (స) వారించిన సంగతి చెప్పారు. అల్లానూ రసూల్‌నూ ప్రేమించే మనిషి అతను అని సాక్ష్యం పలికారట. బుఖారీలో ఉంది. చిన్నప్పటి నుంచి ఇన్ని బయాన్లు విన్నాను, ఇది ఒక్కరూ చెప్పలేదు.

దవాఖానా వాళ్ళు ఏఏ మీటింగ్‌కు కూడా పంపారు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు మొదలుపెట్టిన జమాత్ అది. పైసలు అడగరు, ఇంటిపేరు అడగరు. మీటింగ్ చర్చి హాల్లో అనేసరికి భాయ్ మెట్ల దగ్గర అరగంట నిలబడ్డాడు. లోపల ఒక లారీ డ్రైవర్, ఒక రిటైర్డ్ తహసీల్దారు, ఒక పాస్టర్ తమ్ముడు, భాయ్. ఎవరి ఖుదాను వాళ్ళు తలుచుకోమన్నారట. ఇప్పుడు ఆదివారం ఆదివారం వెళ్తాడు, మెట్ల దగ్గర ఆగే కొత్తవాళ్ళను లోపలికి తెచ్చేది తనే. ఇంటివాళ్ళకు అల్-అనాన్ అని వేరే ఉంది. భాభీ ఒక్కసారి వెళ్ళింది, "అందరూ నా కథే చెప్తున్నారు" అని మళ్ళీ వెళ్ళలేదు.

రెండేళ్ళ నాలుగు నెలలైంది. గోలీలు తగ్గాయి, ఆగిపోలేదు, నెలకోసారి దవాఖానా ఉంది. జిగర్ కొంత కోలుకుంది. అప్పులు ఇంకా ఉన్నాయి. దుకాణంలో వార్నిష్ పని వేరే కుర్రాడు చేస్తాడు. ఈ మధ్య రాత్రుళ్ళు నిద్ర పడుతోందట, అది రావడానికే ఏడాది పైన పట్టింది. కోపం తగ్గలేదు, కొట్టడం లేదు.

భాభీ నాలుగు నెలల తర్వాత తిరిగొచ్చింది, తన షర్తులతో. దుకాణం పైసలు ఆమె చేతికి వస్తాయి, లెక్క ఆమె రాస్తుంది. సాయంత్రం భాయ్ ఇంటికి రాగానే ఆమె వంటగదిలో నుంచి వచ్చి దగ్గరగా నిలబడి వాసన చూస్తుంది. ఇప్పటికీ. భాయ్ చెప్పులు విడిచి, ఆమె చూసేదాకా గుమ్మంలో కదలకుండా నిలబడతాడు. తర్వాత చాయ్ వస్తుంది.